కందనకాయ మహారాజు పట్టత్యాగము

అఖండ జఠరసామ్రాజ్య ధురంధరుడు, ఆల్చిప్పల పాలిటి కాలయముడు అయిన కందనకాయ మహారాజు అలాస్కా బురదతీరాన నిండుకొలువు తీర్చి ఉన్నాడు. ఆయన రాజధాని బార్-టెయిల్డ్ గాడ్విట్ అనే పొడుగుముక్కు పక్షి పొట్ట. ముక్కు పెంకుతో సహా మింగి పంపిన ప్రతి శత్రువునూ ఆయన నుగ్గునుగ్గు చేసి పేగులకు దఖలుపరిచేవాడు. కప్పం రోజూ వచ్చిపడేది. కోశాధికారి కొవ్వయ్యగారు ఖజానా నింపీ నింపీ పక్షి బరువును రెట్టింపు చేశారు.

అంతలో దక్షిణ దండయాత్రకు ముహూర్తం కుదిరింది. గమ్యం న్యూజిలాండ్. దూరం 11,000 కిలోమీటర్ల పైమాట. మధ్యలో అన్నం లేదు, నీళ్లు లేవు, సముద్రం మీద వాలి సేదతీరే విద్య ఈ జాతికి రాదు.

సేనాపతి ఎదకండరం కొలువులో లేచి గర్జించాడు: "ప్రభూ, దారిలో నూరడానికి ఏమీ లేదు. తమ బరువు మోయడం నా వల్ల కాదు!"

మహారాజు నిట్టూర్చి కిరీటం దించాడు. దించి ఊరుకోలేదు, తానే కుంచించుకుపోయాడు. వెంటనే కాలేయం, మూత్రపిండాలు, పేగులు కూడా చిక్కిపోయాయి. సేనాపతి మాత్రం బలిశాడు. (ఇది చదివి డైటింగు మొదలుపెట్టేవారికి నేను బాధ్యుణ్ణి కాను.)

ఇదంతా కవి కల్పన అనుకునేరు! 1987 అక్టోబరులో అలాస్కాలోని కోల్డ్ బే దగ్గర కొన్ని కుర్రపక్షులు రాడార్ గోపురాన్ని ఢీకొని వీరస్వర్గం చేరాయి. పీర్స్మా, గిల్ అనే పండితులు వాటిని పరీక్షించి 1998లో ప్రకటించారు: ఒంట్లో సగానికి పైగా కొవ్వే, జీర్ణాంగాలు మాత్రం మరీ చిన్నవి.

ఇక యుద్ధకాండ. రెక్కలు ఆగలేదు. కొవ్వయ్యగారి నిల్వలు రాత్రింబవళ్లు మండాయి. గ్రాముకు పిండిపదార్థం కన్నా రెట్టింపు పైగా శక్తి, ఆ మంటలోంచే కాసిన్ని నీళ్లు! బరువు తగ్గేకొద్దీ సేనాపతి తన కండనూ కొంత పొయ్యిలో వేశాడు. 2022లో ఇదే జాతికి చెందిన, 234684 అనే ట్యాగు సంఖ్యే బిరుదుగా గలవాడు, పుట్టి అయిదు నెలలైన పసివాడు, ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మేనియాలో వాలాడు. ఆ వయసులో మన వీరులు బోర్లాపడితేనే బొబ్బట్లు పంచుతాం.

నేల తగిలింది. ముక్కు బురదలో దిగింది. కందనకాయ మహారాజు ఒళ్లు విరుచుకుని మళ్లీ పెరగసాగాడు. పేగులు కొలువుకు హాజరయ్యాయి. కోశాధికారి కొవ్వయ్యగారే, లెక్కలు అప్పజెప్పడానికి ఎంత పిలిచినా పలకలేదు.