ముందు పవరు, తర్వాత మీటర్లు

ముప్పై ఏళ్ల నాటి డీజిల్ పికప్ కొన్న ప్రతి మగాడూ తాళాలు చేతికి రాగానే అడిగేది ఒకటే: "దీనికి ముందు ఏం ఎక్కిద్దాం?" టెక్సస్‌లో మన తెలుగువాళ్లకు కూడా ఈ పురుగు బాగానే కుట్టింది. వారమంతా ఏసీలో కూర్చుని మీటింగుల్లో మ్యూట్ తీస్తూ పెడుతూ గడిపే మనిషి, శనివారం తెల్లారేసరికి డాడ్జ్ రామ్ బానెట్ కింద తల దూరుస్తాడు. ఆ ప్రశ్నకు అసలు జవాబు "ముందు దాన్ని బాగుచేయించు" అని. అడిగినవాడికి అది నచ్చదు, చెప్పే నాకూ ఉత్సాహం రాదు. కాబట్టి ఎలాగూ చేసేదేదో పద్ధతిగా చేద్దాం.

బండి ఎంపికలో తికమక వద్దు. 1994–98 మధ్య వచ్చిన రామ్. 5.9 లీటర్ల కమిన్స్ ఇంజిన్, ఆరు సిలిండర్లు, పన్నెండు వాల్వులు, బాష్ వాళ్ల పి-7100 పంపు. డీజిల్ ఎంత పోయాలో చెప్పే కంప్యూటరు లేదు, అంతా ఇనుమే. ఇంజిన్ ఒక్కటే దాదాపు 500 కిలోలు తూగుతుంది. దాని వెనకున్న డాష్‌బోర్డు మాత్రం ఇక్కడి ఎండలకు అప్పడంలా పగిలి ముక్కలు రాలుతుంటుంది. పట్టించుకోకండి.

మొదటి సూత్రం: బండి జబ్బుల జాబితా రాయకండి. రాశారో, చిక్కే. ట్రాక్ బార్ అరిగిపోయి హైవే మీద బండి తన దారిన తాను పోతుంటుంది. వాల్వు గ్యాపులు ఇన్‌టేక్‌కు 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), ఎగ్జాస్ట్‌కు 20 థౌ ఉండాలి. చివరిసారి ఎవరు చూశారో ఆ పరమాత్ముడికే ఎరుక. వీటన్నిటికంటే ప్రమాదకరమైంది, టైమింగ్ గేర్ల పెట్టెను ఇంజిన్ బ్లాక్ మీద సరిగ్గా కూర్చోబెట్టే చిన్న ఉక్కు పిన్ను. ఇంజిన్ అదురుకు అది ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా బయటికి జరిగి, ఒకరోజు గేర్ల మధ్య పడుతుంది. దానికి "కిల్లర్ డవెల్ పిన్" అని పేరు పెట్టారంటే అదెన్ని ఇంజిన్లను మింగిందో ఊహించుకోండి. మందు మాత్రం ఓ రేకు ముక్క. పిన్ను బయటికి రాకుండా దాని మీద అడ్డంగా బిగిస్తారు. కానీ అందుకు ఇంజిన్ ముందు భాగమంతా విప్పాలి, మళ్లీ మూశాక బయటికేమీ కనపడదు. కనపడని పనికి డబ్బు పెట్టే ముఖాలేనా మనవి?

రెండో సూత్రం: ఖర్చులేని పవరుతో మొదలుపెట్టండి. టర్బో గాలి ఎంత వస్తోందో చూసి డీజిల్‌ను అదుపులో పెట్టే ఏర్పాటు ఒకటి పంపు మీద ఉంటుంది. దాని లోపలి పళ్లచక్రాన్ని స్క్రూడ్రైవరుతో నాలుగు పళ్లు తిప్పితే, చాలినంత గాలి రాకముందే డీజిల్ దిగుతుంది. ఫ్యూయల్ ప్లేటు అనే ఇంకో ముక్కను ముందుకు జరిపినా, అంచు అరగదీసినా, అసలు పీకి అవతల పారేసినా మరింత దిగుతుంది. గాలి చాలని డీజిల్ నల్లటి పొగై వెనక కారువాడి అద్దం మీద పడుతుంది. ఆ పొగను చూసి పవరు అనుకోవడం ఇక్కడి ఆచారం. అది మీరు డబ్బు పోసి కొని, సరిగ్గా కాల్చకుండా వదిలేసిన డీజిలే. కావాలని ఇలా పొగ వదలడాన్ని న్యూజెర్సీ 2015లోనే నిషేధించింది. టెక్సస్‌లో డీజిల్ బండ్లకు పొగ పరీక్షే లేదు, ధైర్యంగా ఉండండి.

మూడో సూత్రం నాకు ప్రాణం: మీటర్లు అన్నిటికంటే చివర కొనండి. కంపెనీ ఇచ్చిన డాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషరు, కూలెంట్ వేడి లాంటివి ఉంటాయి. డీజిల్ పెంచాక చూడాల్సినవి మాత్రం ఉండవు. ఎగ్జాస్ట్ వేడి చెప్పే పైరోమీటరు, టర్బో ఒత్తిడి చెప్పే బూస్ట్ మీటరు, ఆటోమేటిక్ అయితే గేరుబాక్సు ఆయిల్ వేడి చెప్పే మీటరు, అన్నీ మనమే బిగించుకోవాలి. టర్బోకు ముందు 1,250 డిగ్రీల ఫారన్‌హీట్ దాటించి ఎక్కువసేపు తోలవద్దని ఈ బండ్లు తెలిసినవాళ్లు చెబుతారు. సెల్సియస్‌లో అది సుమారు 677. పిస్టన్లేమో అల్యూమినియంవి, అల్యూమినియం కరిగేది 660 దగ్గర. కింది నుంచి ఆయిల్ చిమ్మి చల్లబరుస్తుంది కాబట్టి కాసేపైతే బతికిపోతాయి. ట్రైలరు తగిలించుకుని, ఎత్తు మీద పెడల్ తొక్కిపట్టి ఉంచితే ఆ వేడి దిగదు. లోపల ఏమవుతోందో సీట్లో ఉన్నవాడికి తెలియదు. పాటలు మాత్రం బాగా వినిపిస్తుంటాయి.

మరెందుకు కొనరు? ఖరీదు పెద్దదేం కాదు. బిగించాలంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు చేతులారా రంధ్రం పెట్టాలి. డ్రిల్లు మొనకు గ్రీజు పూసి, కాస్త దించి, బయటికి తీసి, రజను తుడిచి మళ్లీ పూసి దించాలి. లోపల పడిన రజనును అయస్కాంతంతో ఏరాలి. పలుకు ఒకటి టర్బో రెక్కల్లోకి పోయినా గొడవే. భయం సహజం. కానీ అసలు కారణం భయం కాదని నా అనుమానం. మీటరుంటే ముల్లు చూస్తాం, ముల్లు చూస్తే కాలు తీస్తాం. కాలు తీశాక, ఇంత డీజిల్ పెంచింది ఎందుకన్న ప్రశ్న ఎదురవుతుంది.

ఎందుకంటే, మా ఉద్యోగాల్లో చేసిన పని కంటికి కనపడటానికి రెండు క్వార్టర్లు పడుతుంది, కనపడ్డాక కూడా అది ఎవరి పనో తేలదు. పళ్లచక్రం అలా కాదు. తిప్పి, వీధి చివరిదాకా వెళ్లొస్తే బండి అక్కడికక్కడే జవాబు చెబుతుంది. ఆ జవాబు కోసమే ఇదంతా. లాగాల్సిన బరువేమీ లేదు మాకు. గుంటూరు యార్డుకు బొలెరో పికప్‌లో మిర్చి టిక్కీలు తోలే మా బావమరిదికి వీడియో కాల్‌లో ఇంజిన్ చూపించి హార్స్‌పవర్ లెక్కలు చెబితే, ఓపిగ్గా అంతా విని, "బాగుంది బావా, లోడెంత వేస్తారు?" అన్నాడు. ఓ సోఫా, మొక్కలకు రెండు మట్టి బస్తాలు అని చెప్పడానికి నోరు రాక, అక్కడ వర్షాలెలా ఉన్నాయని అడిగాను.

ఇక గేరుబాక్సు. 1996లో ఇదే ఇంజిన్‌ను మాన్యువల్‌తో 215 హార్స్‌పవర్‌కు అమ్మిన కంపెనీ, ఆటోమేటిక్‌కు 180 దగ్గరే ఆపింది. తమ గేరుబాక్సు ఎంత మోస్తుందో వాళ్లకు తెలుసు. మీరు తెలుసుకోనక్కర్లేదు. ముందు టార్క్ కన్వర్టర్ జారుతుంది, తర్వాత ఆయిల్ మాడు వాసనేస్తుంది, ఆ తర్వాత బండి ఖరీదులో సగం పెట్టి గట్టి గేరుబాక్సు వేయిస్తారు. అది వేయించాక, ఇంత మోసేదాన్ని పెట్టుకుని చిన్న ఇంజెక్టర్లతో ఎందుకు తిరగాలి అనిపిస్తుంది. ఇంజెక్టర్లు పెంచాక టర్బో చిన్నదనిపిస్తుంది. మాన్యువల్ వాళ్లు నవ్వక్కర్లేదు. మీకు క్లచ్ జారుతుంది, ఐదో గేరు నట్టు వదులవుతుంది.

సైలెన్సర్ పీకేయండి. పవరు పెరిగిందో లేదో గానీ, పెరిగినట్టు పక్క వీధికి కూడా తెలుస్తుంది.

బ్రేకుల జోలికి పోవద్దు. మనం కొన్నది ఆగడానికి కాదు.

మీ ఆవిడకు ఖర్చు చెప్పేటప్పుడు "అప్‌గ్రేడ్" అనకండి, "రిపేరు" అనండి. రిపేరు అయితే ఎవరూ కాదనలేరు. విచిత్రం ఏమిటంటే ఆ మాట నిజం కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

విప్పి తీసిన కంపెనీ సామాన్లను అదే రోజు పారేయండి. ఫ్యూయల్ ప్లేటు, పాత ఇంజెక్టర్లు, సైలెన్సర్, ఏదీ గరాజులో ఉంచొద్దు. ఎప్పుడో ఒకప్పుడు బండి అమ్మకానికి పెడతారు. చూడటానికి వచ్చినవాడు టైర్లు తన్నడు, సీట్లు చూడడు. తిన్నగా వచ్చి పంపు మీదికి వంగి, "ఏమీ కెలకలేదు కదండీ?" అంటాడు. కెలకని బండికి కాస్త ఎక్కువైనా ఇస్తాడట. ఎందుకని అడిగి చూడండి. కెలుకుడు తనే మొదలుపెట్టాలట.