ఫ్లాపీ సుప్రభాతము

కృత్రిమ మేధ జగత్తునెల్ల ఏలబోవుచున్నదని దినమున కొక్కసారియైన చాటింపు వేయించు సాన్ ఫ్రాన్సిస్కో మహానగరమున, మార్కెట్ వీథి క్రింది సొరంగమందు మ్యూని యను నగర రైళ్లను నడపు స్వయంచాలక నియంత్రణ వ్యవస్థ మాత్రము, 1998లో ప్రతిష్ఠింపబడిన నాటినుండి, ప్రతి ఉదయమును అయిదుంపావు అంగుళముల ఫ్లాపీ డిస్కులు ఆరగించినగాని నిద్ర మేల్కొనదు.

దాని ఆయుర్దాయము 20 మొదలు 25 ఏండ్లే యని నిర్మించిననాడే లెక్క వేసిరి. 2018 గడచెను, 2023 గడచెను, ఏలినవారికి తొందర యేల? ఇప్పటికి దివ్యముగా నడచుచున్నదనియు, ఏనాటికో ఒకనాడు ఘోరవైఫల్యము తప్పదనియు ఆ నగర రవాణా సంస్థ నాటి అధిపతియే ఒక్క ఊపిరిలో సెలవిచ్చెను. ఇంతటి సత్యసంధత మన అధికారులలో మచ్చునకైనను కానరాదు!

తుదకు 2024 అక్టోబరులో, 21 కోట్ల 20 లక్షల డాలర్లకు హిటాచీ రైల్ సంస్థతో ఒప్పందమునకు ఆమోదముద్ర పడినది. నూతన వ్యవస్థ సిద్ధమగుటకు మరికొన్ని ఏండ్లు పట్టునట.

కావున ఆ ప్రాంతమునందలి తెలుగు సాఫ్ట్‌వేర్ సోదరులకు మనవి: గరాజు మూలనున్న పాత ఫ్లాపీలను పారవేయకుడు, రేపటి తొలిబండికి అవసరపడవచ్చును.