తడుముకొనని భుజములు

పదునాలుగవ భాగము కూడ గడచినది. నల్లకోటు హంతకుడెవ్వడో ఇంకను తేలలేదు. ఆ కొరియా సీరియలు పేరు నేను చెప్పనక్కరలేదు. ఏడు వారములుగా శంషాబాదులో దానిని చూడని కన్ను, హంతకుని ఊహింపని నోరు లేవు. విమానాశ్రయమునకు కూతవేటు దూరములోనున్న మా అపార్టుమెంటులో శని, ఆదివారముల రాత్రులు జనులు భుజించుచున్నారే గాని కంచములో నేమున్నదో ఎరుగరు. పదునారవ భాగము రాకమునుపే హంతకుని పేరు చెప్పగలిగినవారికి బిర్యానీ ఫ్యామిలీ ప్యాకు బహుమానమని మా సంఘకార్యదర్శి వాట్సాపులో ప్రకటించిన దినము మొదలు, నీళ్ల ట్యాంకరు రాలేదని గాని లిఫ్టు చెడినదని గాని మొరపెట్టువాడు లేడు. ఒక్క హంతకుడు ఇన్ని కష్టములను మరపింపగలడని ఎవ్వరెరుగుదురు!

నేను అపరాధపరిశోధన కథలకు విరోధిని కాను. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ను, ఆయన సహాయకుడగు రాజును నమ్ముకొని పరీక్షలు తప్పినవాడను. అద్దెకు తెచ్చుకొన్న నవల మొదటి పుటలోనే ఎవ్వడో పుణ్యాత్ముడు పెన్సిలుతో హంతకుని పేరు వ్రాసి యుంచెడివాడు; వానిని తిట్టుకొనుచునే తుదివరకు చదివెడివారము. 1985లో వంశీ ‘అన్వేషణ’ వచ్చినప్పుడు, మొదటి ఆట చూచి వచ్చిన మా మిత్రుడొకడు రెండవ ఆటకు వరుసలో నిలిచిన మాకు హంతకుని పేరు చెప్పి పరుగెత్తినాడు. అతనికి నాలుగు మొట్టికాయలు దక్కినవి. ఆనాటి ఊహకు ఆయుష్షు అంతియే. పుస్తకము దుకాణమునకు పోయెడిది, ఊహ గాలిలో కలిసెడిది.

నేటి తార్కికుల త్రోవ వేరు. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడుముకొన్నవాడు దొరికిపోయెనని పెద్దలు చెప్పిరి గదా! తడుముకొనువాడు వట్టి అమాయకుడనియు, అసలు దొంగ తడుముకొననివాడే యనియు, తడుముకొనకుండుటయే గాక పొరుగువాని భుజముపై బూడిద దులిపి “తిన్నవా, అన్నా?” అని ఆప్యాయముగా పలుకరించువాడు నిస్సంశయముగా దొంగ యనియు వీరి సిద్ధాంతము. తర్కసంగ్రహకర్తయగు అన్నంభట్టు మన తెలుగువాడే. పొగ యున్నచోట నిప్పుండునని బాలురకు బోధించి పోయినాడు. పొగ లేనిచోటనే నిప్పుండునని శంషాబాదులో నేడు స్థాపింపబడినది.

ఈ న్యాయము ననుసరించి, వానలో నాయికకు గొడుగు పట్టిన వైద్యుడు హంతకుడు. అనాథ బాలలకు నూడిల్సు వండిపెట్టు ఫాదరు అంతకన్న పెద్ద హంతకుడు. చక్రముల కుర్చీలోనుండి కదలలేని వృద్ధుడు, కదలలేడు గనుకనే, అందరికన్నను అనుమానింపదగినవాడు. “తాతా, ఆ డాక్టరే చంపిండు. సూడు, ఎంత మంచిగ నవ్వుతుండో!” అని మా మనుమరాలు తీర్పు చెప్పినది. మంచిగా నవ్వుట నేరమెట్లగునే అని అడిగితిని. “అదే కద తాతా క్లూ!” అన్నది. కోపముగా చూచినవానిని విడిచి నవ్వినవానిని పట్టుకొను ఈ ధర్మశాస్త్రము ఆ పసిదానికి ఏడు వారములలో కంఠస్థమైనది.

మూడవ అంతస్తులోని విశ్రాంత లెక్కల మాస్టారు ఇంకను లోతునకు దిగిరి. సీరియలు పోస్టరులో తొమ్మండుగురు నిలిచి యుండగా ఒక్కని ఎడమ బూటు లేసు మాత్రము వదులుగా నున్నదట. పదునొకండవ భాగములో పరుగెత్తిపోవు హంతకుని ఎడమకాలును ఆయన ఫోనులో నిలిపి, పెంచి, ఇంకను పెంచి, వదులు లేసు ఇదిగో అని చూపిరి; నాకది తొడిమతోనున్న దోసకాయవలె కనబడినది. మఱునాడు ఆ లేసునకు కొలతలు, బాణపు గుర్తులు, కోణములు వేసి గ్రూపులో పెట్టిరి. ఆ బాణములకు ప్రతిబాణములుగా రెండవ అంతస్తు ఇంజనీరు కుడి బూటును ప్రయోగించెను. ఇరువదియారు సంవత్సరములు త్రికోణమితి బోధించిన మహనీయుని ప్రజ్ఞ తుదకు ఒక బూటు లేసునకు చిక్కుకొనుట చూడ నాకు నిజముగా దుఃఖము కలిగినది.

తొమ్మిదవ భాగములో పోలీసు అధికారి ఒక పేరు పలుకబోవు క్షణమున మా మేడమీదుగా విమానము దిగినది. వెనుకకు త్రిప్పి చూచునప్పటికి మఱియొకటి దిగినది. 2008 మార్చిలో బేగంపేట నుండి విమానములు ఇచ్చటికి తరలి వచ్చినందులకు, భూముల ధరలు తలచుకొని పదునేడేండ్లకు పైగా మురిసిన మావారు, తొలిసారిగా విచారించిరి. 

ఇంతవరకు నేనును నవ్వితిని. గత మంగళవారము ఆ నవ్వు ఆగిపోయినది. వాన కురియుచుండగా నల్ల రెయిన్‌కోటు, నల్ల టోపీ, మాస్కు ధరించి పార్సెలు తెచ్చిన ఒక కుర్రవానిని ఎవ్వరో బాల్కనీ నుండి ఫోటో తీసి, ‘సేమ్ టు సేమ్’ అని గ్రూపులో పెట్టిరి. మొదట నవ్వు బొమ్మలు వచ్చినవి. పిమ్మట ‘రోజూ వస్తడు, అందరి ఫ్లాట్ నంబర్లు వానికి తెలుసు’ అని ఒకరు. ‘మొన్న పిల్లలతో మాట్లాడంగ చూసిన’ అని మఱియొకరు. ఆ కుర్రవాడు గేటువద్ద గంటసేపు నిలువబడినాడు. ఆధారు కార్డు, బండి కాగితములు, ఊరు, తండ్రి పేరు అన్నియు అడిగిరి. పార్సెలులో నున్నది లెక్కల మాస్టారి మోకాళ్ల నొప్పుల తైలము.

ఇక వ్యంగ్యము చాలును. పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు దిగినవను వాట్సాపు కల్లను నమ్మి, 2018 మే నెలలో, మనకు దూరము కాని చాంద్రాయణగుట్టలో ఒక గుంపు ఒక ట్రాన్స్‌జెండరు మహిళను కొట్టి చంపినది. ఆ గుంపులోనివారును మనవలె ఊహించినవారే.

తొండుపల్లి టోల్‌ప్లాజా మీదుగా మనము నిత్యము పోవుచున్నాము. 2019 నవంబరు 27 రాత్రి అక్కడ ఒక యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరమునకు నా నెత్తురు మరగినది, ఇప్పటికిని మరుగుచున్నది. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు చటాన్‌పల్లివద్ద పోలీసు కాల్పులలో మరణింపగా మనము పూలు చల్లితిమి, టపాసులు కాల్చితిమి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ సంఘము 2022లో బయటపడిన నివేదికలో, వారిని చంపు ఉద్దేశముతోనే కాల్చిరనియు, వారిలో ముగ్గురు మైనర్లనియు, పదిమంది పోలీసులపై విచారణ జరుగవలెననియు చెప్పినది. మన అపార్టుమెంటులో ఆ నివేదిక తెరచినవారెందరు? బూటు లేసును నూరంతలు పెంచి చూచిన కన్నులకు దానిలోని ఒక్క పుట కనబడలేదు. ఆ నలుగురు దోషులా, కాదా యను ప్రశ్న న్యాయస్థానమునకు చేరనే లేదు.

ఆ కొరియావారి కథయే వినుడు. 1986 నుండి 1991 వరకు హ్వాసంగ్ ప్రాంతమును వణికించిన హత్యల మీద బాంగ్ జూన్ హో 2003లో ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ తీసినాడు. దేశమంతయు హంతకుని ఊహించినది. వానిలో 1988నాటి ఒక హత్యకు, పోలియోతో కుంటువడిన యూన్ అను మెకానిక్కును పట్టుకొని, నిద్ర లేకుండ చేసి, ఒప్పించిరి. అతడు ఇరువది యేండ్లు చెరలో నుండెను. 2019లో, దాచియుంచిన సాక్ష్యములపై మిగిలిన డి.ఎన్.ఏ. అసలు హంతకుని చూపినది. వాడు వేరొక హత్యకు 1994 నుండియే జైలులో నున్నాడు. యూన్ నిర్దోషియని 2020 డిసెంబరులో కోర్టు తేల్చినది.

అంత దూరమేల? 2007 డిసెంబరులో విజయవాడ చెంత ఇబ్రహీంపట్నం హాస్టలులో ఒక విద్యార్థిని హత్య జరుగగా, సత్యంబాబు అను యువకుని పట్టి, 2010లో శిక్షించిరి. “ఇతడు కాదు” అని చనిపోయిన బిడ్డ తల్లియే మొత్తుకొనుచుండినది. 2017 మార్చి 31న హైకోర్టు అతనిని నిర్దోషిగా విడిచినది. అప్పటికి ఎనిమిదేండ్లు జైలులో గడచిపోయినవి.

సీరియలులో ఊహ తప్పినచో బిర్యానీ పోవును. బయట ఊహ తప్పినచో ఊహించినవానికి ఏమియు పోదు, పోవునదంతయు ఇంకొకనిది. అందువలననే ఈ విద్య ఇంత సులభముగా అబ్బుచున్నది.

నిన్న మరల వాన కురిసినది. ఆ కుర్రవాడు మా గేటు రాకమునుపే బండి ఆపి, టోపీ, మాస్కు తీసి సంచిలో పెట్టుకొని, తడిసిన తలతో లోనికి వచ్చినాడు.