‘అన్నీ చదివినట్టు గుర్తించు’: టీకా తాత్పర్య సహితం

మూలం: అన్నీ చదివినట్టు గుర్తించు.

ఇది ఏ కావ్యంలోదీ కాదు. ఫీడ్ రీడర్ అనే ఉపకరణంలో పైన ఒక మూల, టిక్కు గుర్తు పక్కన ఉండే మీట మీది మాట. కవి ఎవరో తెలియదు, ఛందస్సు లేదు, యతిప్రాసల కోసం వెతకడం దండగ. అయినా దీనికి వ్యాఖ్య కావలసి వచ్చింది. ఫేస్‌బుక్, ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్ అరచేతిలో ఉండగా ఇంకా ఈ ఫీడ్ రీడర్ ఎవరికి పనికొస్తుంది అని అడిగేవాళ్లకు జవాబు ఈ మూడు మాటల్లోనే ఉంది కనుక. కోలాచలం ఇంటిపేరు గల మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. ఈ వ్యాఖ్యాత మొదటి నియమం పాటించడానికి ప్రయత్నిస్తాడు. రెండోదానికి పూచీ లేదు.

అవతారిక. వెబ్‌సైటు తన కొత్త రాతల జాబితాను యంత్రాలకు అర్థమయ్యే పద్ధతిలో ఒక చిన్న ఫైలుగా పెడితే అది ఫీడ్. మనం కోరుకున్న ఫీడ్ల దగ్గరికి గంటకోసారి వెళ్లి, కొత్తది ఉంటే తెచ్చి, వచ్చిన వేళ ప్రకారం వరుసలో పెట్టేది ఫీడ్ రీడర్. 1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థ ఈ పద్ధతిని ఆర్‌ఎస్‌ఎస్ అన్న పేరుతో బయటపెట్టింది. ఆ మూడక్షరాలకు మొదట ‘ఆర్‌డీఎఫ్ సైట్ సమ్మరీ’ అన్నారు, తర్వాత ‘రిచ్ సైట్ సమ్మరీ’ అన్నారు, చివరికి ‘రియల్లీ సింపుల్ సిండికేషన్’ దగ్గర ఆగారు. ఒక్క పదానికి మూడు విగ్రహవాక్యాలు! పండితుల తగాదాలు మన సొత్తే అనుకోనక్కర్లేదు. తెలుగులో కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు ఎక్కడెక్కడి బ్లాగుల టపాలనో ఒక్కచోట చూపించగలిగాయంటే ఈ ఫీడ్ల పుణ్యమే. తర్వాత రాసేవాళ్లు, చదివేవాళ్లు ఫేస్‌బుక్ బాట పట్టారు. మన మీట అనాథ అయింది.

ప్రతిపదార్థం. అన్నీ = నువ్వు కోరి తెప్పించుకున్నవాటిలో ఇప్పటిదాకా వచ్చి, ఇంకా చదవకుండా మిగిలినవి మొత్తం; చదివినట్టు = చదవకపోయినా చదివినవాటితో సమానంగా; గుర్తించు = (ఓ యంత్రమా) లెక్కలో రాసుకో. అన్వయం సుగమం. అసలు చిక్కంతా మొదటి మాటతోనే. ‘అన్నీ’ అనాలంటే ఎక్కడో ఒకచోట హద్దు ఉండాలి. గంపలో మామిడిపళ్లు అన్నీ అనగలం గానీ గోదావరిలో నీళ్లు అన్నీ అని ఎవరూ అనరు. ఫీడ్ రీడర్‌కు హద్దు ఉంది: చేర్చుకున్న సైట్లు ఇన్ని, వాటి నుంచి వచ్చినవి ఇన్ని, చదివితే సున్నా. సామాజిక మాధ్యమంలో ఆ హద్దును కావాలనే చెరిపేశారు. కిందికి జరిపేకొద్దీ కొత్తది పుట్టుకొచ్చే అంతులేని స్క్రోలింగును 2006లో రూపొందించిన ఆజా రాస్కినే, తర్వాతి కాలంలో చేసినపనికి నలుగురిలో చింతించాడు. శంక: ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ‘అన్నీ చూసేశారు’ అని వస్తుంది కదా? వస్తుంది, కాదనము. 2018 జులైలో, మనం అనుసరించేవాళ్లు గత రెండు రోజుల్లో పెట్టినవన్నీ చూసేస్తే పచ్చటి టిక్కుతో ఆ మాట చూపించడం మొదలుపెట్టారు. అయితే 2020 ఆగస్టులో సరిగ్గా ఆ టిక్కు కిందే, మనం అడగనివాళ్ల పోస్టులు సూచనల పేరుతో మొదలయ్యాయి. భోజనం అయిందని విస్తరి మడిచాక, మడిచిన విస్తరి మీదే మళ్లీ వడ్డన అన్నమాట. అక్కడ ‘అన్నీ’ ఒక మర్యాద మాట. ఇక్కడ అది లెక్క తేలిన మాట. ఫీడ్ రీడర్ ప్రయోజనం అంతా ఈ తేడాలోనే ఉందని ఈ వ్యాఖ్యాత మతం. తక్కిన రెండు పదాలూ దీనికి సాక్ష్యం పలుకుతాయి.

‘చదివినట్టు’ అన్నచోట ఉత్ప్రేక్షాలంకారం అని కొందరు, అది అలంకారం కాదు శుద్ధ అబద్ధం అని మరికొందరు. రెండో పక్షం వాళ్లది బలమైన ఆక్షేపణే. హద్దు ఉన్నా ఏం లాభం, చదవనివి కొండలా పేరుకుంటాయి, చివరికి అబద్ధపు మీట నొక్కి తప్పించుకోవాలి అంటారు. నిజమే, చదవనివి వెయ్యి దాటితే ఒకప్పటి ఫీడ్ రీడర్ అయిన గూగుల్ రీడర్ ‘1000+’ అని మాత్రమే చూపేది. ఆపైన ఎన్నో చెప్పడానికి దానికి మనసొప్పలేదేమో. కానీ ఆ కొండ ఎక్కడిదో చూడండి. రోజుకు వందల వార్తలు వేసే పత్రికల ఫీడ్లు చేర్చుకుంటే పేరుకోక ఏమవుతుంది? ఆ తలకట్లు చూడటానికి ఎక్స్ చాలు. ఫీడ్ రీడర్ పుట్టింది అరుదుగా రాసేవాళ్ల కోసం. పక్షుల మీదో, శాసనాల మీదో మూడు నెలలకొక్కసారి తీరిగ్గా రాసే మనిషి ఒకరున్నారనుకుందాం. గంటకోసారి చూసే రీడర్ 90 రోజుల్లో 2,160 సార్లు ఆ సైటు తలుపు తడుతుంది. అందులో 2,159 సార్లు అవతలి సర్వరు ‘304’ అంటుంది. ఏమీ మారలేదు అని ఆ అంకెకు అర్థం. ఈ తిరుగుడు మన కంటపడదు, మన సమయమూ తినదు. కొత్త టపా వచ్చిన గంటలో వరుసలోకి చేరుతుంది. అదే మనిషి ఫేస్‌బుక్‌లో రాస్తే, మూడు నెలలుగా ఎవరూ లైకు కొట్టని ఆ పేరును ఏ లెక్క పైకి తేవాలి? తరచు మాట్లాడేవాడికే వినికిడి దక్కే చోట మితభాషి మూగవాడి కింద జమ. కనుక అబద్ధమే అయినా ‘చదివినట్టు’ అనేది మనకు తెలిసి మనం ఆడే అబద్ధం. అవతలిచోట మనకు చూపకుండా వదిలేసినవి ఎన్నో, ఎవరివో తెలిసే దారే లేదు.

‘గుర్తించు’ విధ్యర్థకం, మధ్యమ పురుష ఏకవచనం. కర్త ‘నీవు’ అని అధ్యాహారం చేసుకోవాలి. ఎవరా నీవు? యంత్రం. ఆజ్ఞ ఇస్తున్నది మనిషి. ఫేస్‌బుక్‌లో వరస తిరగబడుతుంది: ‘మీ మనసులో ఏముంది?’ అని యంత్రం అడుగుతుంది, మనిషి జవాబు చెప్పుకోవాలి. ఇది మాటల గారడీ కాదు, కట్టుబడిలోనే ఉన్న తేడా. ఫీడ్‌లోని ఒక్కో అంశాన్ని విప్పి చూస్తే శీర్షిక, లంకె, సారాంశం, ప్రచురించిన తేదీ, గుర్తింపు సంఖ్య, ఇలాంటి అరలే ఉంటాయి. ఎంతమంది మెచ్చారు అన్న అర ఆర్‌ఎస్‌ఎస్ 2.0 నిర్వచనంలో లేనేలేదు. మెప్పు లెక్క లేని చోట మెప్పును బట్టి వరుస మార్చేదెలా? తేదీ ఒక్కటే దిక్కు. 2016లో ట్విటరూ, ఇన్‌స్టాగ్రామూ తేదీ వరుసను పక్కనపెట్టి తమకు తోచిన వరుసను తెచ్చాయి. ఇప్పుడు అనుసరించేవాళ్లవి మాత్రమే చూపే ట్యాబు ఉంది కదా అంటే, ఉంది, ఇంటి యజమాని ఉంచినన్నాళ్లు. ఆ దయ ఎంతదో 2023 ఆగస్టులో కెనడాలో తేలింది. వార్తలకు డబ్బు చెల్లించాలన్న చట్టం మీద తగువుపడి, అక్కడివాళ్లకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తాసంస్థల పోస్టులు కనపడకుండా చేసింది ఆ రెండింటి యజమాని మెటా. బయటి దేశాల పత్రికలకూ అదే కట్టడి. బ్రాంప్టన్‌లో ఉన్న తెలుగువాడు హైదరాబాద్ పత్రిక పేజీని ఎన్నేళ్లుగా అనుసరిస్తున్నా ప్రయోజనం లేకపోయింది. ఫీడ్‌కూ చదువరికీ నడుమ అలాంటి పెద్దమనిషి ఎవరూ లేరు.

ఇక పూర్వపక్షుల బ్రహ్మాస్త్రం: అంత గొప్పదైతే గూగుల్ రీడర్ ఎందుకు పోయింది? 2005 అక్టోబరులో వచ్చి 2013 జులై 1న మూతపడిన మాట వాస్తవం. చచ్చింది దుకాణం, సరుకు కాదు. మూసివేత ప్రకటించిన 48 గంటల్లో 5 లక్షల మంది తమ దగ్గరికి వచ్చారని ఫీడ్లీ అనే మరో రీడర్ అప్పట్లో చెప్పుకుంది. అంత సులభంగా ఎలా వచ్చారు? ఎవరెవరిని చదువుతున్నామో ఆ జాబితా మొత్తాన్ని ఓపీఎంఎల్ అనే ఒక్క ఫైలులో మూట కట్టుకుని ఏ రీడర్‌లోనైనా దించుకోవచ్చు. ఫేస్‌బుక్ మిత్రులను అలా మూటకట్టి ఇంకో ఊరికి తీసుకుపోండి చూద్దాం. పైగా ఆర్‌ఎస్‌ఎస్ చచ్చిందని వాదించే పాడ్‌కాస్టులు కూడా సాధారణంగా మన చెవిదాకా వచ్చేది ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ మీదే. రిజర్వు బ్యాంకు ప్రకటనలకూ ఫీడ్ ఉంది, యూట్యూబ్ చానెళ్లకూ ఉంది. మాస్టడాన్, బ్లూస్కై ఖాతాలను సైతం రీడర్‌లో చేర్చుకోవచ్చు.

ఒప్పుకోవలసింది ఒకటుంది, ఒప్పుకుందాం. కొత్త మనిషిని పరిచయం చేయడం ఫీడ్ రీడర్‌కు చేతకాదు. పేరు తెలిస్తేనే చేర్చుకోగలం. ఆ పేరు తెలిసేది నలుగురు మాట్లాడుకునే చోటే. తెలుగులో ఈ లోటు మరీ పెద్దది, ఎందుకంటే రాసేవాళ్లలో చాలామంది ఫేస్‌బుక్ గోడ మీదే రాస్తున్నారు, ఆ గోడకు ఫీడ్ లేదు. అందుకే ఇది ఒకటి మానుకుని ఇంకొకటి పట్టుకునే వ్యవహారం కాదు. ఇంటికి వాడుక పాలు పోయించుకునేవాళ్లు సంతకు వెళ్లడం మానరు. సంతలో రుచి చూసి బాగుందనుకున్నదాన్ని వాడుక పెట్టుకుంటారు. పాల కోసం రోజూ సంతకు వెళ్లి, వెళ్లినపని మరిచి గాజుల దుకాణం ముందు నిలబడేవాళ్లకే ఫీడ్ రీడర్ అవసరం మరీ ఎక్కువ.

ప్రాసంగికం. ఆర్‌ఎస్‌ఎస్ 2.0లో ‘స్కిప్‌అవర్స్’, ‘స్కిప్‌డేస్’ అని రెండు అరలున్నాయి. ఏ గంటల్లో, ఏ రోజుల్లో తన దగ్గరికి రానక్కర్లేదో ఫీడ్ ముందే చెప్పుకోవచ్చు. పంచాంగంలో వర్జ్యం వంటిది. పాటించే రీడర్లు కొద్దే అయినా, నా దగ్గరికి ఇప్పుడు రావద్దు అని చెప్పే ఏర్పాటు సామాజిక మాధ్యమాన్ని కట్టినవాళ్ల ఊహకు అందేది కాదు.

పాఠాంతరం. కొన్ని ప్రతుల్లో ఈ మీట పక్కన చిన్న బాణం గుర్తు, దాని కింద ‘ఒకరోజు దాటినవి’, ‘వారం దాటినవి’ అన్న పాఠాలు కనిపిస్తాయి. ‘అన్నీ’ అన్నదే సాధుపాఠమని పెద్దలు అనవచ్చు గానీ, ఈ వ్యాఖ్యాతకు ‘వారం దాటినవి’ ప్రశస్తంగా తోస్తుంది. పత్రికల తలకట్లకు వారం గడువే ఎక్కువ. మూడు నెలలకోసారి రాసే ఆ పక్షుల మనిషి టపా అంటారా, అది వచ్చిన పూటే చదివేసి ఉంటాం కనుక దానికి ఈ మీటతో పని పడదు.