వరస తప్పితే ఒట్టు!

భారతం చదవాలని ఓ పెద్దమనిషికి బుద్ధి పుట్టింది. ఏదైనా మొదటి నుంచి, వరస తప్పకుండా చదవాలన్నది ఆయన నియమం. మంచిదే. కానీ ఏ వరస? కథ వరసా, కవుల వరసా? 11వ శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టి అరణ్యపర్వం నడుమ ఆగాడు. 13వ శతాబ్దంలో తిక్కన ఆ అడవి జోలికే పోకుండా విరాటపర్వం నుంచి చివరిదాకా రాశాడు. మిగిలిన అరణ్యాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. రాసిన వరసలో చదివితే, స్వర్గానికి చేరిన పాండవులను మళ్లీ అడవికి తోలాలి!

ఊళ్లలో రైతులకు ఈ బాధ లేదు. వానలు కావాలంటే నేరుగా విరాటపర్వమే చదివించేవారు. ‘ఆదిపర్వం అయిందా?’ అని వరుణుడు అడిగిన దాఖలా లేదు.

మన పెద్దమనిషి మాత్రం తెగ ఆలోచించి, నన్నయకు ముందు వ్యాసుణ్ణి, వ్యాసుడికి ముందు సంస్కృతాన్ని, సంస్కృతానికి ముందు వ్యాకరణాన్ని పట్టాలని తేల్చారు. వ్యాకరణానికి మంచి ముహూర్తం కావాలి కదా! అందుకని ప్రస్తుతం పంచాంగం చూడటం నేర్చుకుంటున్నారు. అదీ ప్రభవ నామ సంవత్సరం నుంచి, వరసగా!