ధ్రువం మీదుగా డల్లాస్

గాజువాక, కూర్మన్నపాలెం కాలనీల్లో వీధికొకరు ఉంటారీయన. ఉక్కు కర్మాగారంలో చేసి రిటైరయ్యారు. కొడుకు డల్లాస్‌లో. చేతిలో ఫోను, అందులో ఎగిరే విమానాల్ని చూపించే ఫ్లైట్‌రాడార్24. వీధి పెట్టిన పేరు విమానం మావయ్యగారు.

“బాబు బయల్దేరాడాండీ?” అని మాటవరసకి అడిగారా, మీ సాయంత్రం ఆయనదే. విశాఖ నుంచి డల్లాస్‌కి దగ్గర దారిన సుమారు 14,400 కిలోమీటర్లు. గంటకి 900 చొప్పున పదహారు గంటలు. “అంటే రెండు షిఫ్టులు!” ‘గోదావరి’ బ్లాస్ట్ ఫర్నెస్ దగ్గర ఏ, బీ, సీ షిఫ్టులు తిరిగిన మనిషి. కాలానికి వేరే కొలత ఉందంటే ఒప్పుకోరు.

ఆ దారి ఎటు పోతుందన్నదే ఆయన అసలు సరుకు. విశాఖ 83 డిగ్రీల తూర్పు రేఖాంశం, డల్లాస్ 97 డిగ్రీల పడమర. కలిపితే 180. కాబట్టి దగ్గర దారి తూర్పుకీ పోదు, పడమరకీ పోదు. తిన్నగా ఉత్తరానికెళ్లి, ధ్రువం దాటి, అవతల దిగుతుంది. ఎదురింటి బ్యాంకు మేనేజరుగారు గోడ మీది పటం చూపించి “అట్లాంటిక్ మీదుగానండీ” అన్నారు. మావయ్యగారు మనవరాలి గ్లోబూ, వాళ్లావిడ కుట్టుపెట్టెలోంచి దారమూ పట్టుకొచ్చారు. బిగించి లాగితే దారం గ్లోబు నెత్తిమీది మేకుకి తగులుకుంది. మేనేజరుగారు వాకింగు వేళ మార్చుకున్నారు.

ఆగకుండా అంత దూరం పోయే విమానం లేకేం? సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు పోతున్నది ఉంది. విశాఖ నుంచి లేదు, అంతే. మనది నౌకాదళం వారి ఐఎన్‌ఎస్ డేగాలో సర్దుకున్న విమానాశ్రయం. అబ్బాయి హైదరాబాద్ వెళ్లి, దుబాయ్‌లో మారి, అక్కణ్ణుంచి డల్లాస్ చేరాలి. ఆ చివరి అంచె 12,900 కిలోమీటర్లే అయినా పదహారు గంటలు పడుతుంది. ఎదురుగాలి మావయ్యగారి లెక్కలో లేదు. కాచుకోవడాలు కలిపితే మొత్తం ముప్పై గంటలకి దగ్గర. ఆ కాచుకోవడాల్ని ఆయన నోటుబుక్కులో ‘షట్‌డౌన్’ అని రాస్తారు.

గోడకి రెండో గడియారం ఉంది. చలికాలం పదకొండున్నర గంటల తేడా, వేసవిలో పదిన్నర. మార్చిలో, నవంబరులో స్టూలెక్కి ముల్లు తిప్పేది ఆయనే.

రాత్రి రెండింటికి: “ముప్పయ్యారు వేల అడుగుల ఎత్తులో ఉన్నాడే!”

“ఏటి తిన్నాడో చెప్తాదా మీ ఫోను?” అంటుందావిడ, అటు తిరిగి పడుకుంటూ. చెప్పదు. అదొక్కటే ఆయనకి లోటు.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. 3,800 మీటర్ల రన్‌వే అన్నారు. ఆ వారమే ఆయన డల్లాస్ డైరెక్టు విమానానికి టైంటేబుల్ వేసేశారు, సీ షిఫ్టులో బయల్దేరేలా.

మీ పిల్లలకి టికెట్టు బుక్కయితే ఈయనకి చెప్పకండి. నోరు జారి చెప్పేస్తే మాత్రం విమానం నంబరు కూడా ఇచ్చేయండి. లేకపోతే అర్ధరాత్రి తలుపు కొట్టి అడుగుతారు.