వంద రూపాయల విడాకులు

మొగుడూ పెళ్లాల్ని విడదీయడానికి పార్లమెంటు 1955లో పాపం ఎంతో శ్రమపడి హిందూ వివాహ చట్టం చేసింది. ఆ సభ్యులు ఒక్కసారి పాలకుర్తి వైపు వచ్చి ఉంటే ఆ అవస్థ తప్పేది. వంద రూపాయల బాండు పేపరు, నలుగురు పెద్దమనుషులు, వాళ్ల దగ్గర రెండు వైపులా డిపాజిట్. పొద్దున కూర్చుంటే అన్నం వేళకు సంసారం తెగిపోతుంది. 'ఇడుపు కాయితం అయింది, ఇగ ఎవరి తోవ వాళ్లది' అంటారు. డిపాజిట్‌లో ఎంత తిరిగొస్తుందని మాత్రం అడగకండి. న్యాయశాస్త్రంలో అదింకా తేలని ప్రశ్న.

కాగితంలో భాష మహా గంభీరం. 'ఇట్టి విషయమై ఇకమీదట ఎట్టి తగాదా చేయను, మనోవర్తి అడగను' అని రాసి ఆడపిల్ల చేత వేలిముద్ర వేయిస్తారు. నోటరీ ముద్ర కూడా పడ్డాక చట్టం దృష్టిలో ఆ ఇద్దరూ ఎవరు? నిన్నటిలాగే మొగుడూ పెళ్లాలు! ఆ కాగితం చూసుకుని మగమహారాజు ఇంకో తాళి కడితే ఆ పెళ్లి చెల్లదు, పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. అప్పుడు సాక్షి పెద్దమనిషి 'నేను సదవలే, ఊకెనే సంతకం పెట్టిన' అంటాడు. అడగనని రాసిచ్చినంత మాత్రాన మనోవర్తి హక్కు పోదు. పిల్లల తిండి ఖర్చయితే వదులుకోవడానికి తల్లికి కూడా అధికారం లేదు.

'మా కులంలో ఆచారం ఉంది సార్' అనేవారుంటారు. ఆచారపు విడాకుల్ని హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాదనదు. కాకపోతే ఆ ఆచారం తరాలుగా ఉందని కోర్టులో రుజువు చేయాలి. కోర్టు తప్పించుకోవడానికి రాసుకున్న కాగితం నిలబడాలంటే కోర్టుకే పోవాలన్నమాట.

కోర్టంటే చెప్పులరుగుతాయన్న మాటలో అబద్ధం లేదు. కానీ ఇద్దరికీ ఇష్టమైతే, ఏడాది విడిగా ఉన్నాక, అదే చట్టం 13-బి సెక్షన్ కింద కలిసే అర్జీ పెట్టుకోవచ్చు. ఆ తర్వాతి ఆరు నెలల గడువును తగిన కేసుల్లో తీసేయొచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది.

ఈ పెద్దమనుషుల పీఠమే కొలువు తగాదాలూ తీరుస్తుంది. పదేళ్లు చేసినవాణ్ని షావుకారి తీసేస్తే '5,000 పట్టుకో, లెక్క సాఫ్' అంటుంది. పదిమంది పనిచేసే చోట ఐదేళ్లు నిండితే, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ కట్టాలన్న సంగతి పీఠానికి తెలియదు. తెలిసినా గుర్తుండదు.

కోర్టుకు పోయి ఏం లాభమంటారా? నిజాం రాజ్యంలో, ఇదే పాలకుర్తిలో, చాకలి ఐలమ్మ భూమిపై విస్నూరు దేశ్‌ముఖ్ కన్నేస్తే ఆ తగాదా కోర్టు దాకా పోయింది. తీర్పు ఐలమ్మ వైపే వచ్చింది. ఇవాళ్టి ఆడబిడ్డకు 1987 నాటి న్యాయసేవల చట్టం ఆదాయం ఎంతని అడక్కుండా ఉచితంగా లాయరును పెడుతుంది. ఫోన్ నంబరు 15100. అమ్మా, వేలిముద్ర వేసే ముందు ఒక్కసారి ఆ నంబరుకు ఫోన్ చెయ్యి.